బసూన్ ఆన్‌లైన్‌లో నేర్చుకోవడం ఎలా, ఎవరి మ్యూజిక్ వాయించాలి

అమెరికాలో మన పిల్లలకి బసూన్ అనే పొడవాటి ఊదే వాయిద్యం ఎలా అంటుకుంటుందో చాలామందికి తెలుసు. ఆరో క్లాస్‌లో బ్యాండ్‌కి పేరిస్తారు, పిల్లాడు ఫ్లూటో సాక్సఫోనో అడుగుతాడు, డైరెక్టర్ వాడి చేతులూ పెదాలూ చూసి, కాస్త చదివే పిల్లాడని తెలుసుకుని, నువ్వు బసూన్ ట్రై చెయ్ అంటారు. సాయంత్రానికి ఇంటికి ఓ పెద్ద నల్ల పెట్టె వస్తుంది. అదేంటో అమ్మానాన్నలకి తెలీదు, ఊళ్ళో టీచర్ దొరకరు, దొరికినా వెయిటింగ్ లిస్ట్. ఇండియాలో అయితే ఇంకా కష్టం, హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో మ్యూజిక్ షాపుకి వెళ్తే గిటార్లు, కీబోర్డులు వరసగా ఉంటాయి, బసూన్ అంటే షాపువాడు మనవైపు చూస్తాడు. కాబట్టి చాలామందికి ఆన్‌లైన్ తప్ప ఇంకో దారి లేదు. ఆ దారిలో ఎలా వెళ్ళాలో, వెళ్ళాక ఏం వాయించాలో రాస్తున్నా.

తెలీనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సన్నాయికి పీక ఉన్నట్టే దీనికీ డబుల్ రీడ్, రెండు బద్దలు ఒకదాని మీద ఒకటి వైబ్రేట్ అవుతాయి. ఆ రీడ్‌ని బోకల్ అనే వంకర మెటల్ గొట్టానికి పెడతాం, అది చెక్క బాడీలోకి వెళ్తుంది. లోపల గొట్టం దాదాపు 2.5 మీటర్లు, రెండుగా మడిచినట్టు ఉంటుంది కాబట్టి నిలబెడితే మనిషి ఛాతీ దాకా వస్తుంది. ఆర్కెస్ట్రాలో చెల్లోతో సమానంగా కింద ఉంటుంది, అవసరమైతే పైకి కూడా ఏడ్చినట్టు వెళ్తుంది, స్ట్రావిన్‌స్కీ 1913 బ్యాలే ది రైట్ ఆఫ్ స్ప్రింగ్ మొదలయ్యేది ఆ పై సౌండ్‌తోనే. ఎడమ బొటనవేలికి ఉన్నన్ని మీటలు మిగతా ఏ వుడ్‌విండ్‌లోనూ ఉండవు, కొత్తవాళ్ళు ఏడ్చేది అక్కడే.

చేతులు చిన్నవైతే ముందే అడగండి. ఎనిమిదేళ్ళ పిల్లకి ఫుల్ సైజ్ ఇచ్చి వేళ్ళు సాగదీయక్కర్లేదు, చిన్న బసూన్లు ఉన్నాయి, టెనరూన్ అంటారు, ఫాగొట్టినో అని కూడా అంటారు. లండన్‌లో హోవర్త్, జర్మనీలో గుంట్రామ్ వుల్ఫ్ వాళ్ళు చేస్తారు. పెద్ద సైజులోనే వేళ్ళ దూరం తగ్గించి చేసే స్టూడెంట్ మోడల్స్ కూడా దొరుకుతాయి. ఒక చేత్తోనే వాయించాల్సిన పరిస్థితి ఉన్నవాళ్ళ కోసం వాయిద్యాలు మార్చి చేయించే పని యూకేలో ఓహెచ్ఎంఐ ట్రస్ట్ చేస్తుంది, ఆ అవసరం ఉంటే వాళ్ళకి రాయండి. ఇంక్లూజివ్, అంటే అందరికీ చోటుండాలి అనే మాట రిపర్టరీ (వాయించే పీసుల లిస్ట్) దగ్గర మొదలవ్వదు, వాయిద్యం చేతికి అందడం దగ్గరే మొదలవుతుంది.

ఇప్పుడు టీచర్. యూట్యూబ్ చూసి సొంతంగా మొదలుపెట్టడం గిటార్‌కి ఓకే, బసూన్‌కి మాత్రం మొదటి కొన్ని నెలలు మనిషి కావాలి, తెర మీద అయినా సరే. పెదాలు పళ్ళ మీదకి మడిచి, కింది దవడ కొంచెం వెనక్కి పెట్టి, బుగ్గలు ఉబ్బకుండా గాలి వదలాలి, ఇది రాసినంత తేలిక కాదు, తప్పు అలవాటైతే తర్వాత విడిపించడానికి ఏళ్ళు పడుతుంది. యూనివర్సిటీలో మాస్టర్స్, డాక్టరేట్ చేసే స్టూడెంట్స్ ప్రొఫెసర్ల కంటే తక్కువ ఫీజుకి చెప్తారు, ఓపిగ్గా కూడా చెప్తారు. ట్రయల్ క్లాస్‌లో వాళ్ళని రెండు ప్రశ్నలు అడగండి. మీరు రీడ్స్ చేసి పోస్ట్‌లో పంపగలరా? పోయినేడు మీ స్టూడెంట్స్ రిసైటల్‌లో ఏమేం వాయించారు? రెండో దానికి మొజార్ట్, వెబర్, వీవాల్డి తప్ప వేరే పేరు రాకపోతే, మంచి టీచరే అయి ఉండొచ్చు, కానీ వేరే కంపోజర్లని వెతికే పని మీరే చూస్కోవాలన్నమాట.

రీడ్స్ సంగతి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే ఆన్‌లైన్ బసూన్‌లో అసలు గొడవ అక్కడే. ఎదురుగా కూర్చుంటే టీచర్ మీ రీడ్ తీసుకుని కడిగి ఊది, రెండు గీతలు గీకి ఇచ్చేస్తారు. తెరలోంచి అది అవ్వదు. స్టూడెంట్ తన తప్పనుకుని నెలంతా బాధపడతాడు, చూస్తే రీడ్ చచ్చిపోయి ఉంటుంది. అందుకే ఎప్పుడూ మూడు నాలుగు రీడ్స్ మార్చి మార్చి వాడండి, ఒకదానిమీద వచ్చే సమస్య మిగతావాటి మీద రాకపోతే అది మీ సమస్య కాదు. ఎండు రీడ్‌ని నోట్లో పెట్టుకుని నానబెట్టొద్దు, చిన్న డబ్బాలో నీళ్ళు పోసి రెండు మూడు నిమిషాలు ఉంచితే చాలు. వాయించాక గాలి ఆడే కేస్‌లో పెట్టండి, కొన్నప్పుడు ఇచ్చిన ప్లాస్టిక్ గొట్టంలో మూతపెట్టి ఉంచితే బూజు పడుతుంది, కోస్తా వైపు వానాకాలంలో అయితే చెప్పక్కర్లేదు.

క్లాస్‌కి ముందు టీచర్‌కి మూడు పంపండి: రీడ్ మొనని ఎదురుగా తీసిన క్లోజప్ ఫోటో, రీడ్ ఒక్కదాన్నే ఊదిన ఆడియో, రీడ్‌ని బోకల్‌కి పెట్టి ఊదిన ఆడియో. రీడ్ ఒక్కటే ఊదితే కాకి అరుపులా గరగరలాడుతూ రెండు మూడు శృతులు కలిసి రావాలి, సన్నగా ఒక్క కీచు మాత్రమే వస్తే రీడ్ మరీ మూసుకుపోయి ఉందనో గట్టిగా ఉందనో అనుమానించాలి. బోకల్‌తో కలిపితే దాదాపు సి స్వరం దగ్గర పలకాలి. ఈ మూడూ చూస్తే అనుభవం ఉన్న టీచర్ సగం రోగం చెప్పేస్తారు. మీరు ఇంట్లో చేసుకోగలిగిన రిపేరు రీడ్ చుట్టూ కట్టిన వైర్ల దగ్గర ఉంది. మొన వైపు ఉన్న మొదటి వైర్‌ని ప్లయర్‌తో రెండు పక్కల నుంచి మెల్లిగా నొక్కితే మొన తెరుచుకుంటుంది, పైనా కిందా పట్టుకుని నొక్కితే మూసుకుంటుంది. రెండో వైర్‌కి అచ్చంగా రివర్స్. రీడ్ నానిన తర్వాతే చెయ్యండి, లోపల మాండ్రెల్ అనే సన్నటి మెటల్ కడ్డీ పెట్టి చెయ్యండి, ఎండు రీడ్‌ని నొక్కితే పగిలిపోయి ఇరవై ముప్పై డాలర్లు బూడిద. పిల్లలకి మొదట్లో సింథటిక్ రీడ్ ఒకటి స్పేర్‌గా ఉంటే మంచిది, కెనడా కంపెనీ లెజేర్‌వి ఉన్నాయి, రేటు ఎక్కువ కానీ నానబెట్టే పని లేదు, ఎప్పుడూ ఒకేలా పలుకుతుంది కాబట్టి తప్పు రీడ్‌దా మనదా తేల్చుకోవచ్చు.

సౌండ్ సెట్టింగ్స్. జూమ్ మనుషుల మాటల కోసం చేసింది, ఒకే స్వరం ఎక్కువసేపు పట్టుకుంటే అది ఫ్యాన్ చప్పుడు అనుకుని నొక్కేస్తుంది, లాంగ్ టోన్స్ వాయిస్తుంటే టీచర్‌కి మధ్యలో మాయమైపోతాయి. ఆడియో సెట్టింగ్స్‌లో ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజిషియన్స్ ఆన్ చెయ్యండి, దాని కింద హై ఫిడెలిటీ మోడ్ పెట్టి ఎకో క్యాన్సిలేషన్ తీసేయండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి లేకపోతే ఎకో వస్తుంది. క్లాస్ మొదలయ్యాక మీటింగ్ స్క్రీన్ మీద కూడా ఆ బటన్ ఆన్‌లో ఉందో లేదో చూస్కోవాలి, ఇది అందరూ మర్చిపోయేదే. బసూన్ కింది బి ఫ్లాట్ 58 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, ల్యాప్‌టాప్ స్పీకర్ ఆ శబ్దాన్ని పలికించనే పలికించదు, కాబట్టి అటువైపు టీచర్ కూడా మంచి హెడ్‌ఫోన్స్ వాడుతున్నారా అని మొహమాటం లేకుండా అడగండి.

మైక్ ఎక్కడ పెట్టాలంటే చాలామంది పైన బెల్ (తెరిచి ఉండే పై చివర) దగ్గర పెడతారు, ట్రంపెట్ అనుకుని. బసూన్‌లో సౌండ్ రంధ్రాలన్నిటి నుంచీ వస్తుంది, బెల్ నుంచి నేరుగా వచ్చేది బాగా కింది స్వరాలే. ఒక మీటర్, మీటరున్నర దూరంలో, బాడీ మధ్య ఎత్తులో పెట్టండి. కెమెరా ఎదురుగా ఒకటి పెడితే మొహం, భుజాలు కనిపిస్తాయి కానీ ఎడమ బొటనవేలు కనిపించదు, అది వెనకవైపు మన ఛాతీకి ఎదురుగా ఉంటుంది. వీలైతే ఫోన్‌ని రెండో కెమెరాగా ఎడమ భుజం వెనక నుంచి పెట్టండి. మధ్య ఆక్టేవ్‌లో ఎ, బి ఫ్లాట్, బి, సి, డి స్వరాలు పగలకుండా రావాలంటే ఆ బొటనవేలు పై మీటల్ని టక్కున తాకి వదలాలి, ఫ్లికింగ్ అంటారు. ఫోన్ స్లోమోషన్‌లో తీసి చూస్తే వేలు ఆలస్యంగా వస్తోందా ముందే వస్తోందా అనేది ఇట్టే తెలిసిపోతుంది, ఇది నిజానికి ఎదురుగా కూర్చున్న క్లాస్ కంటే మెరుగు.

కలిసి వాయించడం మాత్రం కుదరదు. హైదరాబాద్‌కీ డాలస్‌కీ మధ్య సిగ్నల్ వెళ్ళొచ్చే లోపల తాళం దాటిపోతుంది, ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా అంతే. ఒకే ఊళ్ళో ఉన్న ఇద్దరు వైర్డ్ ఇంటర్నెట్‌తో జాక్‌ట్రిప్, జామ్యులస్ లాంటివి వాడుకుంటే సరిపోతుంది, సముద్రాలు దాటితే కాదు. దీనికి దారి ఏంటంటే టీచర్‌తో పియానో పార్ట్ గానీ రెండో బసూన్ పార్ట్ గానీ రికార్డ్ చేయించుకుని దాని మీద ప్రాక్టీస్ చెయ్యండి. క్లాస్‌కి ఒకరోజు ముందు మీ రికార్డింగ్ పంపేయండి, అప్పుడు క్లాస్ టైమంతా వినడానికి కాకుండా సరిచేయడానికి పనికొస్తుంది. నన్నడిగితే ఆన్‌లైన్ క్లాస్ సక్సెస్ అయ్యేది ఈ ఒక్క అలవాటుతోనే, ఖరీదైన మైక్‌తో కాదు.

ఇండియా నుంచి అమెరికా టీచర్ దగ్గర నేర్చుకునేవాళ్ళు టైమ్ చూస్కోండి, డాలస్‌లో సాయంత్రం 7 అంటే మనకి ఎండాకాలంలో తెల్లారి 5:30, చలికాలంలో 6:30. మార్చిలో, నవంబర్‌లో వాళ్ళు గడియారం మార్చిన వారం సగంమంది క్లాస్ మిస్సవుతారు. అపార్ట్‌మెంట్‌లో తెల్లారి అయిదున్నరకి బసూన్ ఊదితే పక్కింటివాళ్ళు ఏమంటారో అది మీరూ వాళ్ళూ తేల్చుకోండి.

ఫ్రీగా దొరికేవాటిలో మొదట టెర్రీ యూయెల్ గారి బసూన్ డిజిటల్ ప్రొఫెసర్ వీడియోలు, టావ్‌సన్ యూనివర్సిటీలో పనిచేసిన ఆయన, ఒక్కో చిన్న సమస్య మీద ఒక్కో వీడియో చేశారు. టెక్సస్ యూనివర్సిటీ ఆస్టిన్‌లో ప్రొఫెసర్ క్రిస్టిన్ వుల్ఫ్ జెన్సెన్ తయారుచేసిన ఆన్‌లైన్ మెథడ్ కూడా ఉంది, క్రమంగా మెట్టు మెట్టుగా వెళ్ళాలనుకునేవాళ్ళకి అది బాగుంటుంది. పాత ఎట్యూడ్లు (ప్రాక్టీస్ పీసులు), వైసెన్‌బార్న్ మెథడ్, మిల్డె కాన్సర్ట్ స్టడీస్ ఐఎమ్ఎస్ఎల్‌పీ అనే ఫ్రీ నోట్స్ సైట్‌లో డౌన్‌లోడ్ చేస్కోవచ్చు. 1971లో మొదలైన ఇంటర్నేషనల్ డబుల్ రీడ్ సొసైటీలో మెంబర్ అయితే పత్రిక, రికార్డింగ్‌లు, ఏటా కాన్ఫరెన్స్ ఉంటాయి.

ఇక రిపర్టరీ. ఈ వాయిద్యానికి వీవాల్డి ఒక్కడే దాదాపు 39 కాన్‌చెర్టోలు (ఆర్కెస్ట్రాతో కలిసి ఒకరు సోలో వాయించేవి) రాశాడు, రెండు పూర్తవ్వలేదు. ఆయన పనిచేసిన వెనిస్ అనాథాశ్రమం పియెటాలో ఆర్కెస్ట్రా అంతా అమ్మాయిలే. తర్వాత దాదాపు రెండు వందల ఏళ్ళు మాత్రం పెద్ద ఆర్కెస్ట్రాల్లో ఆడవాళ్ళని పెద్దగా కూర్చోబెట్టలేదు, వాళ్ళు రాసినవి ప్రింట్ చేసింది తక్కువ, నల్లజాతి కంపోజర్ల సంగతి ఇంకా ఘోరం. దాంతో స్టూడెంట్ చేతికి వచ్చే లిస్ట్‌లో 1774 మొజార్ట్, 1811 వెబర్, 1921 సాన్ సాన్స్, అలా ఉంటుంది. అవి గొప్ప పీసులే, నేనూ వాయిస్తా, మానేయమనట్లేదు. కానీ లిస్ట్ అక్కడితో ఆగిపోతే పదమూడేళ్ళ మన అమ్మాయికి ఈ సంగీతం ఇంకెవరిదో అనిపిస్తుంది.

నా పద్ధతి ఏంటంటే పీస్‌ని లేబుల్ చూసి ఎంచుకోకూడదు, అమెరికాలో మార్చ్ మహిళల చరిత్ర నెల కాబట్టి మహిళది ఒకటి, ఫిబ్రవరి నల్లజాతి చరిత్ర నెల కాబట్టి బ్లాక్ కంపోజర్‌ది ఒకటి అని పెడితే అది పండక్కి ముగ్గేసినట్టే, మర్నాడు చెరిగిపోతుంది. ఈ సెమిస్టర్ స్టూడెంట్‌కి ఏ స్కిల్ కావాలో రాస్కోండి, ఆ స్కిల్ నేర్పే పీసులు నాలుగు వెతకండి, వాటిలో కనీసం రెండు మామూలు లిస్ట్‌లో లేనివాళ్ళవి ఉండేలా చూస్కోండి. వెతకడానికి ఫ్రెడోనియాలోని న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీ నుంచి వచ్చిన కంపోజర్ డైవర్సిటీ డేటాబేస్ ఉంది, వాయిద్యం, దేశం, నేపథ్యం పెట్టి ఫిల్టర్ చెయ్యొచ్చు.

ఉదాహరణకి లెగాటో (స్వరాలు తెగకుండా కలిపి వాయించడం), పొడవైన ఊపిరి కావాలి అనుకోండి. ఫ్లోరెన్స్ ప్రైస్ 1951లో ఆర్గన్ కోసం రాసిన అడోరేషన్ తీసుకోండి, బసూన్ పియానో అరేంజ్‌మెంట్లు దొరుకుతాయి. నెమ్మదిగా వెళ్తుంది, వేళ్ళకి పని తక్కువ, ఊపిరికి పని ఎక్కువ, రెండు మూడేళ్ళు నేర్చుకున్నవాళ్ళకి సరిపోతుంది. ఆమె సింఫనీని 1933లో షికాగో సింఫనీ వాయించింది, ఒక పెద్ద అమెరికన్ ఆర్కెస్ట్రా ఒక నల్లజాతి మహిళ సింఫనీని వాయించడం అదే మొదలు. టెనర్ క్లెఫ్ (పై స్వరాలు రాసే పద్ధతి) అలవాటు అవ్వాలంటే చెల్లో పీసులు చూడండి, క్లెఫ్‌లు అవే కాబట్టి నేరుగా చదివేయొచ్చు, నాడియా బులాంజే 1914 నాటి మూడు చెల్లో ముక్కల్లో మొదటిది బసూన్ మీద అందంగా కూర్చుంటుంది.

మనవి కూడా వాయించొచ్చు, ఇది జోక్ కాదు. ముత్తుస్వామి దీక్షితర్ నొట్టు స్వరాలు బ్యాండ్ ట్యూన్‌ల మీద కట్టినవి, శంకరాభరణంలో ఉంటాయి, గమకాలు అక్కర్లేదు, మేజర్ స్కేల్ నేర్చుకుంటున్న పిల్లకి శ్యామలే మీనాక్షి బేస్ క్లెఫ్‌లో రాసిస్తే అయిదు నిమిషాల్లో పట్టేస్తుంది, అమ్మమ్మ వీడియో కాల్‌లో విని పాడుతుంది కూడా. సరళీ వరసలు ఎఫ్‌ని సా గా పెట్టి మాయామాళవగౌళలో వాయిస్తే జి ఫ్లాట్, డి ఫ్లాట్ వేళ్ళకి మంచి వ్యాయామం, ఏ పాశ్చాత్య స్కేల్ పుస్తకంలోనూ ఈ మలుపు ఇంత తొందరగా రాదు. గమకాలు మాత్రం మొదట్లో ముట్టుకోకండి, సగం రంధ్రం మూసి జారే పద్ధతి బసూన్‌లో కొన్ని స్వరాల దగ్గరే పలుకుతుంది.

అయిదుగురు ఉంటే విండ్ క్వింటెట్ (ఫ్లూట్, ఓబో, క్లారినెట్, హార్న్, బసూన్) అంత మంచి స్కూల్ ఇంకోటి లేదు. వాలెరీ కోల్‌మన్ రాసిన ఉమోజా మొదట వాయించండి, హార్న్ ట్యూన్ ఎత్తుకుంటే చుట్టూ రిథమ్ తిరుగుతుంది, బసూన్ అక్కడ తాళం వదిలితే అందరూ పడిపోతారు. ఆవిడ 1997లో స్థాపించిన ఇమానీ విండ్స్‌లో బసూనిస్ట్ మోనికా ఎలిస్ వాయించే తీరు పిల్లలకి తప్పకుండా వినిపించండి. అదే గ్రూప్ కోసం రీనా ఇస్మాయిల్ 2017లో రాసిన ది లైట్ ఈజ్ ద సేమ్‌లో వాచస్పతి, యమన్ రెండు రాగాలు ఉన్నాయి. కర్ణాటక సంగీతం వచ్చినవాళ్ళకి వెంటనే తడుతుంది, వాచస్పతి 64వ మేళకర్త, యమన్‌కి దగ్గరగా ఉండే మేచకల్యాణి 65వది, తేడా నిషాదంలోనే. ఆ ఒక్క స్వరం తేడాని బసూన్‌లో శృతిగా పలికించడం వినికిడికి గొప్ప పరీక్ష, ఇంట్లో సంగీతం క్లాసుకి వెళ్ళే పిల్ల ఇక్కడ మిగతా నలుగురికీ టీచర్ అయిపోతుంది. పాతకాలం కావాలంటే పియానో ఉన్నచోట లూయీజ్ ఫరెన్క్ సెక్స్‌టెట్ (ఆరుగురిది), ఓపస్ 40, ఇంకొంచెం పదునుగా కావాలంటే గ్రాజినా బాట్సెవిచ్ 1932 క్వింటెట్.

కాలేజీ స్థాయికి వచ్చాక సోఫియా గుబైదులీనా 1975 కాన్‌చెర్టో తప్పించుకోలేరు, నాలుగు చెల్లోలు, మూడు డబుల్ బేస్‌ల మధ్యలో ఒంటరి బసూన్, పక్కా నాటకం. అది అప్పుడే వద్దనుకుంటే ఆవిడదే రెండు బసూన్ల డ్యూయో సొనాటా ఉంది. జోన్ టవర్ 2013 రెడ్ మేపుల్, ఎలెన్ టాఫ్ జ్విలిచ్ 1992 కాన్‌చెర్టో ఆర్కెస్ట్రా దొరికేవాళ్ళకి. ఒక్కరే వాయించుకోవాలంటే లిబ్బీ లార్సెన్ జాజ్ వేరియేషన్స్, పియానిస్ట్‌తో పనిలేదు, అంటే ఆన్‌లైన్ స్టూడెంట్‌కి వరం. జాజ్ అంటే బసూన్‌కి సంబంధం లేదనుకోకండి, సాక్సఫోన్ దిగ్గజాలు ఇల్లినాయ్ జాకే, యూసఫ్ లతీఫ్ ఇద్దరూ బసూన్ పట్టుకున్నవాళ్ళే. పోటీలకి వెళ్ళాలనుకునే అమ్మాయిలు అమెరికాలో మెగ్ క్విగ్లీ పోటీ గురించి తెలుసుకోండి, యువ మహిళా బసూనిస్టుల కోసమే మొదలైంది.

పరీక్షల్లో వీటికి చోటు ఉందా అని అడుగుతారు. యూకే మ్యూజిక్ పరీక్షల బోర్డ్ ఏబీఆర్ఎస్ఎమ్ పెర్ఫార్మెన్స్ గ్రేడ్స్ వీడియో మీదే జరుగుతాయి, నాలుగు పీసులు ఆపకుండా ఒకే టేక్‌లో వాయించి అప్‌లోడ్ చెయ్యాలి, మూడు వాళ్ళ లిస్ట్‌లోంచి, నాలుగోది మన ఇష్టం. పైన చెప్పినవాటిలో ఒకటి ఆ నాలుగో జాగాలో పెట్టండి, కష్టం మీ గ్రేడ్‌కి తగ్గకుండా ఉంటే చాలు. గ్రేడ్ 6 నుంచి పైకి వెళ్ళాలంటే గ్రేడ్ 5 థియరీ గానీ దాని బదులు వాళ్ళు ఒప్పుకునే పరీక్ష గానీ పాసవ్వాలి, అది ముందే కానిచ్చేయండి, చాలామంది అక్కడ ఇరుక్కుంటారు. టెక్సస్ పిల్లలు సోలో కాంటెస్ట్‌కి వెళ్ళేముందు పీస్ అక్కడ స్కూల్ పోటీలు నడిపే యూఐఎల్ వాళ్ళ ప్రిస్క్రైబ్డ్ మ్యూజిక్ లిస్ట్‌లో ఉందో లేదో చూడాలి, లేకపోతే జడ్జి ఎంత మెచ్చుకున్నా లెక్కలోకి రాదు.

చివరగా నోట్స్ కొనడం గురించి. ఇండియాలో కాపీరైట్ కంపోజర్ పోయాక 60 ఏళ్ళు, కాబట్టి 1953లో పోయిన ప్రైస్ అసలు ఆర్గన్ నోట్స్ ఇక్కడ ఫ్రీ, కొత్తగా చేసిన అరేంజ్‌మెంట్‌కి మాత్రం వేరే హక్కు ఉంటుంది. బులాంజే 1979లో పోయింది, ఆమె చెల్లో ముక్కలు అమెరికాలో పబ్లిక్ డొమైన్ అయినా ఇక్కడ ఇంకా కాదు. బతికున్న కంపోజర్లవి వాట్సాప్‌లో పీడీఎఫ్ తిప్పుకోవద్దు. ఇన్నాళ్ళూ డబ్బు అందనివాళ్ళ మ్యూజిక్ వాయిస్తున్నాం అని చెప్పుకుంటూ వాళ్ళ డబ్బే ఎగ్గొడితే ఏం బాగుంటుంది. చాలామంది సొంత సైట్‌లోనే అమ్ముతారు, కొని, వాయించి, రికార్డింగ్ లింక్ వాళ్ళకి మెయిల్ చెయ్యండి. తాళం, టెంపో గురించి సందేహం ఉంటే అదే మెయిల్‌లో అడిగేయండి, మొజార్ట్‌ని అడగలేం కదా.